గౌన్లక్క అడిగి తెచ్చుకున్న ‘కాదు’

ప్రభుత్వ లాయరు గౌను చంకలో చిరగడానికి ఆ రోజే దొరికింది. కోర్టు మొదలవడానికి కాస్త ముందు ఆయన పరుగున వచ్చి, గౌను విప్పి కుట్టుమిషను పక్క బల్ల మీద పడేసి, "అక్కా, నాలుగు కుట్లు వేసి పుణ్యం కట్టుకో" అన్నాడు. ఆమె అందుకుంది. ఇంకాసేపట్లో ఆఖరి కోర్టులో, ఆమె తమ్ముడి చావు కేసులో, అవతలి పక్షాన నిలబడబోయే మనిషి ఆయనే. ఎదుటివాడి చంక కుట్టి మరీ పోట్లాటకు పంపే యోగం ఎంతమందికి పడుతుంది!

ఆ రోడ్డు ఏటవాలుగా పైకెక్కుతుంది. అడుగున చిన్న కోర్టు, నడుమ పెద్ద కోర్టు, రోడ్డు ఆగిపోయే చోట అన్నిటికీ పైన ఆఖరి కోర్టు. రోడ్డు మొదట్లో ఉన్న ఆ దుకాణంలో ఆమె చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని గుండీలు కుట్టింది. తండ్రి పోయాక మిషను తనవైపు తిప్పుకుంది. మూడు కోర్టుల లాయర్ల నల్లగౌన్లూ ఆమె చేతి మీదుగానే పోతాయి కాబట్టి అందరికీ ఆమె గౌన్లక్క. ఎవరి భుజం ఎత్తో, ఎవరిది వాలో, ఎవరు లావెక్కి కూడా పాత కొలతలే చెప్పి మురిసిపోతారో ఆమెకు కంఠతా వచ్చు. న్యాయం మొహం ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు గానీ, అది తొడుక్కునే బట్ట మాత్రం లోపలా బయటా తెలుసు.

సూదిలోకి దారం ఎక్కిస్తుంటే ప్రభుత్వ లాయరు గొంతు తగ్గించాడు.

"నేను చెప్పానని అనుకోవద్దక్కా. ఇవాళ కేసు వెనక్కి తీసేసుకోండి. తర్వాత ఎప్పుడైనా మళ్ళీ వేసుకోవచ్చు. కొట్టేశారనుకో, ఇంక ఆ గుమ్మం ఎక్కలేవు."

"మీకెందుకు సార్ నా మీద ఇంత జాలి?"

"నీ చేతి కుట్టు వేసుకు తిరుగుతున్నవాణ్ణి, ఆ మాత్రం ఉండదా? మీ పెద్దాయనతో కూడా మాట్లాడాను. ఆయనకీ సబబుగానే తోచింది."

సూది ఆమె వేల్లో దిగింది. నల్లబట్ట మీద రక్తం కనపడదు, ఆ రంగుకున్న సుగుణం అదొక్కటే. మిగతా కుట్లు పళ్ళబిగువున పూర్తిచేసి, దారం కొరికి, గౌను దులిపి ఇచ్చింది. ఆయన తొడుక్కుని, చెయ్యి పైకెత్తి చూసుకుని, సంతోషంగా పైకెక్కి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం అక్కడే కూర్చుండిపోయింది. పెద్దాయనకు సబబుగా తోచిందంటే ఇవాళ్టితో కొంప మునిగినట్టే.

పెద్దాయన అంటే ఆమె లాయరు. మనిషి మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంకాసేపట్లో ఆయన మీద ఒళ్ళు మండడం ఖాయం. ఈ కేసుకు ఆయన ఒక్క పైసా తీసుకోలేదు. ఆయనకున్నది ఒకటే జబ్బు. జడ్జి కనుబొమ్మ ముడిపడితే చాలు, ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి పోతుంది, జారుతున్న గౌను పైకి లాక్కుంటాడు, నడుం వంచి "చిత్తం, వెనక్కి తీసుకుంటాం" అంటాడు. కొట్టేయించుకోవడం కన్నా ముందే వెనక్కి తీసుకోవడం మర్యాద అని ఆయన గురువు నేర్పాడట. కాదనిపించుకోకపోతే ఓడిపోనట్టే కదా! ఆ లెక్కన ఆయన జన్మలో ఓడిన కేసు లేదు. ఆ రోడ్డు మీద సగం మంది లాయర్లది అదే పద్ధతి, ఈయనకు కాస్త ముదిరింది. అందరూ చిత్తం లాయరు అనేవారు. ఆయన గౌను ఎప్పుడు బాగుకి వచ్చినా కుడి భుజం దగ్గరే చిరిగి ఉండేది. గౌన్లక్క నవ్వుకుంటూ కుట్టి ఇచ్చేది. ఆ ఒక్కో చిరుగూ ఒక్కొక్కరి కేసు వెనక్కి పోయిన గుర్తు అని ఆమెకు అప్పట్లో తట్టలేదు. తన కేసే పోయాక తట్టింది.

ఆమె తమ్ముడు కరెంటు లైన్‌మన్. ఇంట్లో ఉన్నంతసేపూ కాలు నిలవదు, స్తంభం ఎక్కితే మాత్రం బుద్ధిమంతుడు. ఒకసారి కరెంటాఫీసు స్టోరు గదిలో రాగితీగ పోయింది. ఎవరు తీశారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. పోలీసులు మిట్టమధ్యాహ్నం వచ్చి, స్తంభం మీద తీగ బిగిస్తున్నవాణ్ణి కిందికి దిగమన్నారు. దిగాడు. పక్కనున్నవాడితో "అక్కకి చెప్పు, సాయంత్రానికి వచ్చేస్తాను" అన్నాడు. సాయంత్రం రాలేదు. మర్నాడు ఆసుపత్రికొచ్చి శవాన్ని తీసుకుపొమ్మని కబురొచ్చింది. పారిపోబోయి స్టేషను అరుగు మీద నుంచి పడ్డాడట, తల పగిలిందట.

ఆ స్టేషనుకు మేడ లేదు, మెట్లు లేవు. ముందువైపు ఒక అరుగు ఉంది. గౌన్లక్క వెళ్ళి దాని ముందు నిలబడి చూసింది. అది ఆమె మోకాలి దాకా వచ్చింది. బతుకంతా స్తంభాల మీద గడిపిన మనిషి మోకాలెత్తు అరుగు మీద నుంచి పడి చచ్చాడని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! అంతకన్నా మంచి అబద్ధం వెతికే ఓపిక కూడా లేకపోయింది వాళ్ళకి.

"స్తంభం మీద నుంచి పడనివాడు అరుగు మీద నుంచి ఎట్లా పడ్డాడో అడగవే" అంది వాళ్ళమ్మ.

గౌన్లక్క అడిగింది. స్టేషనులో అడిగితే గెంటేశారు. పై అధికారిని అడిగితే నీళ్ళు నమిలాడు. విచారణ అని ఒకాయన్ని వేశారు, ఆయన అరుగు చూడకుండానే అరుగు గురించి రాసి చేతులు దులుపుకున్నాడు. చిన్న కోర్టు ఆ రాసింది చదివి కొట్టేసింది. కాళ్ళరిగేలా తిరగడం అంటారే, ఆమె విషయంలో అది మాటవరసకు అన్నది కాదు, చెప్పులే సాక్ష్యం.

ప్రతిసారీ ఇంటికొస్తే గుమ్మంలోనే అమ్మ అడిగేది, "ఏమన్నారే?" అని. దుకాణం వెనకే ఇల్లు. అమ్మ అక్కడ కిటికీ పక్కన కూర్చుని గౌన్లకు హుక్కులు కుడుతుంటుంది. చిన్న కోర్టు కొట్టేసిన రోజు అమ్మకు జ్వరం. ఆ జ్వరంలో ఉన్న మనిషికి ఏం చెప్తుంది? "వాయిదా పడిందమ్మా" అంది. అమ్మ లేచి కాసిన్ని మెతుకులు తింది. అది మొదలు, ఎవరు కాదన్నా ఇంటికొచ్చేసరికి అది వాయిదా అయిపోయేది. అమ్మ లెక్కలో కొడుకు కేసు ఇంతవరకూ ఎక్కడా ఓడిపోలేదు. పాపం, తెగ వాయిదాలు పడుతోంది, అంతే.

చిన్న కోర్టు తర్వాత పెద్ద కోర్టు. అక్కడే చిత్తం లాయరు జబ్బు బయటపడింది. జడ్జి కాగితాలు తిప్పి, ముఖం చిట్లించి, "ఇందులో ఏముందండీ?" అన్నాడు. ఈయన భుజం సర్దుకుని, వంగి, చిత్తం అనేశాడు. బయటికొచ్చి విజయగర్వంతో, "కొట్టేయకుండా కాపాడానమ్మా, ఇంకా సలక్షణంగా ఉంది కేసు" అని చెప్పాడు. గౌన్లక్క ఆయనకు టీ తెప్పించింది. చక్కెర కాస్త ఎక్కువ వేయించింది కూడా.

ఆ తర్వాత చాలాకాలానికి ఒక చిన్న లాయరమ్మ గౌను కొలతలకు వచ్చింది. కొలతలు తీస్తున్నప్పుడు మనుషులు ఊరుకోలేరు, ఏదో ఒకటి మాట్లాడతారు. మాటల్లో తమ్ముడి సంగతి వచ్చింది. ఆ పిల్ల చేతులు చాచినవి చాచినట్టే ఉంచి, అంతా విని, అంది.

"అక్కా, దేశాలన్నీ కలిసి పెట్టుకున్న మానవ హక్కుల కమిటీ ఒకటుంది. మన దేశం కూడా ఒప్పుకుని సంతకం పెట్టింది. మీలాంటివాళ్ళు నేరుగా వాళ్ళకి రాసుకోవచ్చు."

"మరి ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేం?"

"చెప్పినా వెంటనే వెళ్ళడానికి లేదు. మీ దేశంలో ఉన్న దారులన్నీ అయ్యాయా అని వాళ్ళు ముందు అడుగుతారు. ఆఖరి కోర్టు దాకా వెళ్ళారా, అక్కడా కాదన్నారా అని చూస్తారు. అలా కాదనిపించుకుని వచ్చినవాళ్ళ ఫిర్యాదే తెరుస్తారు. ఎక్కడో నూటికో కోటికో మినహాయింపు ఉంటుందనుకోండి, దాన్ని నమ్ముకోకూడదు."

"అంటే ఓడిపోవాలా?"

"గెలిస్తే అంతకన్నా కావలసిందేముంది? గెలవకపోతే మాత్రం పూర్తిగా ఓడిపోవాలక్కా. సగం ఓడితే పనికిరాదు."

అప్పుడు గౌన్లక్క పెద్ద కోర్టులో జరిగింది చెప్పింది. చిన్న లాయరమ్మ నెత్తి కొట్టుకుంది. వెనక్కి తీసుకున్న కేసంటే కోర్టు ఏమీ అననట్టే. మీరే వద్దనుకుని వచ్చేశారు, ఇక మేమెందుకు వినాలి అంటారు ఆ కమిటీవాళ్ళు. అందులో తప్పేముంది? ఆ చక్కెర ఎక్కువ వేసిన టీ గుర్తొచ్చి గౌన్లక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పెద్ద కోర్టులో చిన్న లాయరమ్మ చేత మళ్ళీ మొదట్నుంచి వేయించింది. ఇంత ఆలస్యం ఎందుకైందని వాళ్ళు తిట్టారు. ఆ తిట్లకు జవాబు చెప్పుకోవడానికే ఏళ్ళు పట్టింది. ఆ లోపల స్టేషను పడగొట్టి కొత్తది కట్టారు. ఇప్పుడు దానికి మేడా ఉంది, మెట్లూ ఉన్నాయి. అరుగు లేదు. చివరికి పెద్ద కోర్టు కాదంది. ఇంట్లో అమ్మకు మరో వాయిదా. మిగిలింది ఆఖరి కోర్టు ఒక్కటే, అదీ ఇవాళే.

పోయిన వారం ఆమె చిన్న లాయరమ్మను వెంటబెట్టుకుని చిత్తం లాయరు ఆఫీసుకు వెళ్ళింది. ఆఖరి కోర్టులో నిలబడి వాదించే అర్హత వాళ్ళలో ఆయనకే ఉంది. ఆ పిల్ల విషయం వివరిస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"నువ్వు కుర్రదానివి, తొందరపడతావు. కొట్టేస్తే అది తీర్పు అవుతుందమ్మా. వీళ్ళ తమ్ముడు పారిపోతూ పడి చచ్చాడని రాతలో నిలిచిపోతుంది. ఆ దూరాన ఉన్నవాళ్ళు కూడా కాదంటే? అప్పుడు ఇల్లూ లేదు, వాకిలీ లేదు."

ఆ మాట అబద్ధం కాదు. ఇక్కడ కాదనిపించుకోవడమంటే, తన చేత్తోనే తమ్ముడి పేరు మీద ముద్ర వేయించడం. వేయించుకోకపోతే ఈ రోడ్డు మీదే పైకీ కిందికీ తిరుగుతూ ముసలిదైపోవడం. గౌన్లక్క తలెత్తి అంది.

"వాళ్ళు వింటారో లేదో నాకు తెలీదు సార్. వీళ్ళు వినలేదని మాత్రం తెలుసు. ఆ సంగతి వీళ్ళ నోటితోనే చెప్పించండి."

"సరేనమ్మా. ఈసారి చిత్తం అనను. మాటిస్తున్నాను" అన్నాడు ఆయన.

ఆ మాట ఇచ్చిన మనిషికే ఇవాళ పొద్దున ప్రభుత్వ లాయరు మాట సబబుగా తోచింది.

గౌన్లక్క దుకాణం తలుపు దగ్గరికి వేసి రోడ్డెక్కింది. ఏటవాలు రోడ్డు మీద నల్లగౌన్లు గాలికి ఎగురుతూ పైకి పోతున్నాయి, అన్నీ తను కుట్టినవే. ఆఖరి కోర్టు వరండాలో చిత్తం లాయరు కనపడ్డాడు. ఈమెను చూడగానే చేతిలో కాగితాల్లో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"సార్, ఆయన ఏదో అన్నాడు..."

"చూద్దాంలేమ్మా. జడ్జిగారి మూడ్‌ని బట్టి చూసుకుందాం."

"మూడ్ ఏంటి సార్? మాటిచ్చారు."

"ఇచ్చాను. కాదన్నానా? నీ మేలే కదా నేను చూసేది."

మన మేలు కోరేవాళ్ళ చేతిలో చిక్కుకుంటే విడిపించుకోవడం మహా కష్టం. శత్రువైతే తిట్టి పోవచ్చు. చిన్న లాయరమ్మ ఆమె చెయ్యి నొక్కి, "లోపల ఆ కమిటీ మాట మాత్రం ఎత్తకండక్కా. జడ్జిలకు కోపమొస్తే కేసును మళ్ళీ ఎటో తిప్పేస్తారు" అని చెవిలో చెప్పింది.

లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. లాయర్ల వరసకు వెనక ఒక చెక్క కటకటాల అడ్డు. కక్షిదారులు దాని వెనకే నిలబడాలి, నోరెత్తకూడదు. గౌన్లక్క మోచేతులతో దారి చేసుకుని, సరిగ్గా చిత్తం లాయరు వీపు వెనక్కి చేరింది. ముందు కేసులు చకచకా అయిపోతున్నాయి. ఒకాయన "చిత్తం" అన్నాడు, పోయాడు. ఇంకొకాయన వంగాడు, పోయాడు. ఒక్కో వంగుడికి ఆమె కటకటాలకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

కేసు పిలిచారు.

చిత్తం లాయరు లేచి గొంతు సవరించుకునే లోపలే పెద్ద జడ్జి కాగితాల మీద నుంచి తలెత్తాడు. పక్కన రెండో జడ్జి ఇంకా ఫైలు విప్పుతూనే ఉన్నాడు.

"ఇది కింద అందరూ చూసిందే కదండీ. ఇప్పుడు కొత్తగా ఏముంది?"

"అయ్యా, మృతుడు వృత్తిరీత్యా లైన్‌మన్. అరుగు ఎత్తు మోకాలి దాకానే..."

"ఆ అరుగు ఇప్పుడు ఉందా?"

"లేదండి. పడగొట్టారు."

"లేని అరుగును మేమేం కొలుస్తాం? వెనక్కి తీసుకుంటారా, కొట్టేయమంటారా?"

ప్రభుత్వ లాయరు సగం లేచి, "వెనక్కి తీసుకుంటే మాకేమీ అభ్యంతరం లేదండి" అన్నాడు. ఆమె కుట్టిన చంక ఆయన్ని చక్కగా పట్టుకుని ఉంది.

పెద్ద జడ్జి కనుబొమ్మలు దగ్గరపడ్డాయి. గౌన్లక్క జడ్జిని చూడటం లేదు. ఆమె చూపంతా ఎదురుగా ఉన్న కుడి భుజం మీదే ఉంది. తను ఎన్నోసార్లు కుట్టిన ఆ భుజం కొద్దిగా జారింది. ఎడమ చెయ్యి లేచింది. భుజం మీది నల్లబట్టను పట్టుకుంది. పైకి లాగింది. నడుం ముందుకు కదిలింది.

గౌన్లక్క కటకటాల మీదుగా చెయ్యి చాచి, గౌను వెనక కుచ్చులు గుప్పిట నిండా పట్టుకుంది.

చిత్తం లాయరు వంగబోయి వంగలేకపోయాడు. ముందుకు పోదామంటే వెనక నుంచి తన గౌనే తనను ఆపింది. "చి..." అన్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఆయన మెడ తిప్పి చూశాడు. ఆమె వదల్లేదు. బట్ట చిరుగుతుందేమోనని ఒక్క క్షణం భయమేసింది, వెంటనే చిరిగితే మళ్ళీ కుడతానులే అనుకుంది. చిరగలేదు.

"ఏమిటది?" అన్నాడు పెద్ద జడ్జి. "ఎవరామె?"

బంట్రోతు గబగబా వచ్చాడు. గౌన్లక్క గౌను వదిలి చేతులు జోడించింది.

"నేను వాడి అక్కనండి. మేం వెనక్కి తీసుకోమండి. కాదనేదైతే కాదనండి. ఆ మాట మీరే అనండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద జడ్జి నవ్వలేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కాదని మేమంటే మీకేం ఒరుగుతుందమ్మా?"

లాయర్ల వరసలోంచి చిన్న లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. గౌన్లక్కకు చెప్పాల్సిన జవాబు ఒకటే తెలుసు, అది చెప్పకూడనిది. నోరు తెరిచాక ఏం వస్తుందో తనకే తెలియలేదు.

"మా అమ్మకి చెప్పాలండి. ఇన్నేళ్ళూ ప్రతిసారీ వాయిదా పడిందనే చెప్పానండి. ఆవిడ ఇంకా ఎదురుచూస్తా ఉంది."

రెండో జడ్జి పక్కకు వంగి ఏదో గొణిగాడు. పెద్ద జడ్జి తలాడించి, స్వరం మెత్తగా చేసి, "పోనీ, డిపార్టుమెంటు నుంచి ఇంకొక నివేదిక తెప్పిద్దామా?" అన్నాడు.

ప్రభుత్వ లాయరు ఈసారి పూర్తిగా లేచి, "తప్పకుండా తెప్పిస్తామండి, కొంచెం గడువు ఇప్పిస్తే..." అంటున్నాడు. నివేదికలు! పెద్ద కోర్టు కూడా అడిగింది. కొట్టినవాళ్ళనే ఎలా పడ్డాడని అడిగితే పడ్డాడనే రాశారు, దానికే రెండు వానాకాలాలు పట్టింది. ఇప్పుడు జాలిపడి ఇచ్చే ఈ గడువు ఒక్కటి చాలు, అమ్మ ఆయుష్షంతా అందులోనే అయిపోతుంది. కోర్టులో ఒక మంచిమాట వినపడితే ఇంత భయమెయ్యడం ఆమెకు అదే మొదటిసారి. మళ్ళీ గౌను పట్టుకుందామంటే బంట్రోతు చెయ్యి అడ్డంగా ఉంది.

చిత్తం లాయరు నిలువునా నిలబడి ఉన్నాడు. కుడి భుజం మీద గౌను బాగా కిందికి జారిపోయింది. ఆయన దాన్ని సర్దుకోలేదు.

"వద్దండి" అన్నాడు.

పెద్ద జడ్జి తప్పు విన్నాననుకున్నాడేమో, ముందుకు వంగాడు. ఆ నోటి వెంట ఆ మాట ఆ కోర్టులో ఎవరూ విని ఉండరు.

"ఆ నివేదికలు ఇదివరకే వచ్చాయండి. రాసిందే మళ్ళీ రాస్తారు. నా కక్షిదారు కేసు వెనక్కి తీసుకోవడం లేదు, గడువు కోరడం లేదు. కారణాలు చెప్పి తీర్పు ఇవ్వమని కోరుతున్నారు. అది... ఏదైనా సరే."

పెద్ద జడ్జి కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాసేపు కాగితాల మీదికి, కాసేపు కటకటాల వైపుకి చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, పక్కనున్నవాడు టకటకా టైపు చేస్తున్నాడు. మృతుడు స్తంభాలెక్కే ఉద్యోగి అని చెప్పాడు. స్టేషను అరుగు మీద నుంచి పడ్డాడని పోలీసులు చెప్తున్నారన్నాడు. అరుగు దగ్గర ఒకసారి ఆగాడు. టైపు చప్పుడు కూడా ఆగింది. గౌన్లక్కకు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆశ పుట్టింది. మనిషి కదా! ఆ తర్వాత జడ్జి, కింది కోర్టులన్నీ పరిశీలించిన విషయంలో జోక్యానికి కారణం కనిపించడం లేదన్నాడు. కొట్టివేయడమైనది అన్నాడు. తర్వాతి కేసు పిలిచారు.

వరండాలోకి రాగానే చిత్తం లాయరు బెంచీ మీద కూలబడ్డాడు. చిన్న లాయరమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన సగం తాగి, సగం మీద పోసుకున్నాడు.

"నేనే అడిగి ఓడిన కేసు ఇదొక్కటేనమ్మా" అన్నాడు. "మా గురువుగారు ఉంటే నన్ను చీవాట్లు పెట్టేవారు." వీపు తడుముకున్నాడు. "అంత గట్టిగా లాగావు, చిరగలేదేం?"

"జోడు దారం వేశానండి. ఇట్లాంటి పని పడుతుందని కాదు."

ఆయన నవ్వబోయి, నవ్వలేక, ఆమె చేతుల వైపు చూసి తల దించుకున్నాడు. చిన్న లాయరమ్మ మాత్రం అప్పుడే హడావిడి పడుతోంది. తీర్పు నకలు రాగానే రాయడం మొదలుపెట్టాలి, దానికీ గడువుంటుంది, వాళ్ళు విని తీరాలని లేదు, విన్నా ఏళ్ళు పట్టొచ్చు అని చెప్తోంది. గౌన్లక్క అన్నిటికీ తలూపింది. ఏదీ చెవికెక్కలేదు. ఆమెకు ఒకటే తెలుస్తోంది. ఇక ఈ రోడ్డు మీద పైకి ఎక్కాల్సిన పని లేదు. వెనక్కి తిప్పి పంపేవాళ్ళు లేరు, మూడ్ చూసుకునేవాళ్ళు లేరు. ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. దిగువకు నడుస్తుంటే కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి.

దుకాణం తలుపు తోసి, మిషను పక్కనుంచి లోపలికి వెళ్ళింది. అమ్మ కిటికీ దగ్గర ఉంది. ఒళ్ళో గౌను, చేతిలో సూది. మొహం వెలిగిపోతోంది.

"ఏమన్నారే?"

వాయిదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దాయనకు చిత్తం ఎలాగో ఆమెకు వాయిదా అలాగ. ఇక్కడ వెనక నుంచి పట్టుకుని లాగడానికి ఎవరూ లేరు. తనే ఆగింది.

"కాదన్నారమ్మా. కొట్టేశారు."

"అంటే?"

"మన మాట నమ్మలేదు. ఇంక ఈ రోడ్డు మీద మనకు కోర్టు లేదు."

సూది ఆగిపోయింది. అమ్మ గౌనును పక్కన పెట్టింది, మడత కూడా సరిచేసింది. ఆ తర్వాత ఏడ్చింది. తమ్ముడి శవం తెచ్చిన రోజు కూడా అమ్మ అలా ఏడవలేదు. ఆ రోజు అడగాల్సిన మాట ఒకటి ఉంది, ఆ మాటకు జవాబు వస్తుందని ఇన్నేళ్ళూ కూర్చుంది. ఇవాళే పోయినట్టు ఏడుస్తోంది కొడుకు కోసం. గౌన్లక్క గుమ్మంలో నిలబడిపోయింది. కాళ్ళల్లో ఉన్న తేలికంతా ఎటు పోయిందో తెలీదు.

చాలాసేపటికి అమ్మ మొహం తుడుచుకుని అడిగింది.

"మరి నవ్వుకుంటా వచ్చావేమే? కిటికీలోంచి చూస్తానే ఉన్నా. రోడ్డంతా నవ్వుకుంటా దిగొచ్చావు. గెలిచామనుకున్నానే."

గౌన్లక్క అమ్మ కాళ్ళ దగ్గర కింద కూర్చుని, ముక్కలు ముక్కలుగా చెప్పింది. దేశాలన్నిటికీ కలిపి ఒక కమిటీ ఉందని, ఇక్కడి కోర్టులన్నీ కాదన్నాకే వాళ్ళని అడగాలని, అందుకే ఇవాళ ఆ కాదు కోసం లాయరుగారి గౌను పట్టుకుని లాగానని. అమ్మ వింది.

"వాళ్ళు మనవాళ్ళు కాదు. మన మాట రాదు. వాళ్ళూ కాదంటే?"

"కాదన్నారనే చెప్తానమ్మా. ఇంక వాయిదా అని చెప్పను."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. చూసేకొద్దీ ఆ చూపు మారింది.

"అయితే ఇన్నాళ్ళూ పడిన వాయిదాలు?"

గౌన్లక్క తల వంచుకుంది. వేలి మీద పొద్దున సూది దిగిన చోటు నల్లగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకుంది. కొడుతుందేమో, కొడితే బాగుండుననుకుంది. అమ్మ జరిగి, కిటికీ పక్కన చోటిచ్చింది.

"పైకొచ్చి కూర్చో. మొదట్నుంచి చెప్పు. ఎవరెవరు కాదన్నారో అందర్నీ చెప్పు, ఒక్కర్నీ వదలకు. ఆ కమిటీ వాళ్ళకి చెప్పే ముందు నాకు చెప్పు."

గౌన్లక్క లేచి అమ్మ పక్కన కూర్చుంది. స్టేషను అరుగు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.